"ఫ్రెషర్స్‌కి 25 వేలు, ఈ రోజే జాయినింగ్" – ఈ పోస్టర్ల వెనక అసలు ఏం జరుగుతుంది?

నిజం చెప్పాలంటే ఈ రోజు ఎపిసోడ్ రెజ్యూమె ఎలా రాయాలి అనే టాపిక్ మీద చేద్దామనుకున్నాను. నోట్స్ కూడా రాసి పెట్టుకున్నాను. కానీ పోయిన ఆదివారం రాత్రి పదకొండు గంటలకి మా చిన్నమ్మ కూతురు, అంటే నాకు చెల్లెలు, వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపింది. దాని కింద ఒకటే లైను: "అన్నా, ఇది జెన్యూనేనా?"

స్క్రీన్‌షాట్‌లో ఏముందంటే, "వర్క్ ఫ్రం హోమ్. పేమెంట్ ప్రాసెసింగ్ ఎగ్జిక్యూటివ్. ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు. రోజుకి రెండు గంటలు పని. నెలకి 30 వేలు, ప్లస్ కమీషన్. ఐదు సీట్లే ఉన్నాయి." పైన మనందరికీ తెలిసిన ఒక పెద్ద కంపెనీ లోగో. తను డిగ్రీ ఈ ఏడాదే అయిపోగొట్టింది. తుర్కయంజాల్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతలే ఉంటారు వాళ్ళు. నేను వెంటనే ఫోన్ చేశాను. అప్పటికే ఆధార్, పాన్ ఫోటోలు పంపేసింది. పొద్దున్నే బ్యాంకు అకౌంట్ వివరాలు, ఏటీఎం కార్డు, ఒక కొత్త సిమ్ ఇవ్వాలట. "నా దగ్గర పైసలు ఏం అడగలేదు కదన్నా, అందుకే మంచిదే అనుకున్న" అంది.

చెల్లి సంగతికి మళ్ళీ వస్తాను. ఎందుకంటే "పైసలు అడగలేదు కాబట్టి మంచిదే" అనేది ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదమైన నమ్మకం. ముందు నా కథ చెప్తాను. ఇది ఇంతకుముందు ఎక్కడా చెప్పలేదు, కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

2018 చివర్లో అనుకోండి. ఎల్బీనగర్ దాకా మెట్రో అప్పుడే కొత్తగా వచ్చింది, సెప్టెంబర్‌లో. మాది సాగర్ రోడ్డు కదా, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే 277 బస్సు ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేవాణ్ణి. అక్కడ బస్టాప్ గోడ మీద ఒక పోస్టర్. "ఎయిర్‌పోర్ట్ జాబ్స్. గ్రౌండ్ స్టాఫ్. ఇంటర్, డిగ్రీ పాస్ లేదా ఫెయిల్. జీతం 22 వేలు. భోజనం, వసతి ఫ్రీ." కింద ఒక సెల్ నంబరు. కంపెనీ పేరు లేదు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "సర్, దిల్‌సుఖ్‌నగర్ వచ్చి కాల్ చేయండి, మేమే గైడ్ చేస్తాం" అంది.

వెళ్ళాను. ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఆఫీసు. ఏసీ ఉంది, అద్దాల క్యాబిన్ ఉంది, గోడ మీద విమానం ఫోటో ఉంది. నాలాంటోళ్ళు ఇరవై మంది దాకా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. రిజిస్ట్రేషన్‌కి 300 అన్నారు, కట్టాను. ఇంటర్వ్యూలో రెండే ప్రశ్నలు: పేరేంటి, ఊరేంటి. "కంగ్రాట్స్, సెలెక్ట్ అయ్యారు" అన్నాడు. నాకు అప్పుడు అనుమానం రాలేదు, సంతోషం వచ్చింది. యూనిఫాం, ట్రైనింగ్ కిట్ అని 2,500. మెడికల్, పోలీస్ వెరిఫికేషన్ అని ఇంకో 1,700. మొత్తం నాలుగు వేల ఐదు వందలు. అమ్మ చిట్టీకి కట్టాల్సిన డబ్బులు అవి. అమ్మ ఒకటే మాట అంది: "పని చేస్తే వాళ్ళు మనకి పైసలియ్యాలె గానీ, మనం కట్టుడేంది బిడ్డా?" నీకు తెలియదులే అమ్మా, కార్పొరేట్‌లో ఇలాగే ఉంటుంది అన్నాను నేను. గొప్పగా.

ఆఫర్ లెటర్ ఇచ్చారు. స్టాంపు, సంతకం అన్నీ ఉన్నాయి. చెప్పిన తేదీకి బస్సులు మారి మారి శంషాబాద్ వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కాగితం చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "తమ్మీ, ఈ కాయితం పట్కొని ఈ వారంల వచ్చినోళ్ళల్ల నువ్వు నాలుగోనివి" అన్నాడు. అంతే.

మీరు అనుకుంటారు, తిరిగొచ్చేసరికి ఆఫీసుకి తాళం పడి ఉంటుందని. లేదు. ఆఫీసు అక్కడే ఉంది, అదే అమ్మాయి, అదే నవ్వు. కొత్తగా ఇంకో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. డబ్బులు అడిగితే నేను సంతకం పెట్టిన ఫారం తీసి చూపించారు. అందులో చిన్న అక్షరాల్లో "కెరీర్ గైడెన్స్ సర్వీస్ చార్జీ, తిరిగి ఇవ్వబడదు" అని రాసి ఉంది. ఉద్యోగం అనే మాట ఆ ఫారంలో ఎక్కడా లేదు. నేను చదవలేదు. ఇరవై మంది వెనక నిలబడి ఉంటే ఎవరు చదువుతారు చెప్పండి? ఆ హడావిడి కూడా వాళ్ళు కావాలని చేసేదే.

తర్వాత నాకు అర్థమైన లెక్క మీకు చెప్తాను, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. నిజమైన రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీకి డబ్బులు ఇచ్చేది కంపెనీ. మనిషిని పెట్టిస్తే ఆ మనిషి ఏడాది జీతంలో సుమారు 8.33 శాతం, అంటే పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం కంపెనీ వాళ్ళకి ఇస్తుంది. ఇది ఈ ఫీల్డ్‌లో మామూలుగా నడిచే రేటు. అలాంటప్పుడు వాళ్ళకి మీరు ఉద్యోగంలో చేరితేనే లాభం. చేరకపోతే రూపాయి రాదు. కాబట్టి మీ వెంట వాళ్ళు పడతారు.

ఇప్పుడు రెండో రకం చూడండి. గుమ్మం దగ్గరే మీ నుంచి 300 తీసుకున్నారు. రోజుకి ముప్పై మంది వస్తే తొమ్మిది వేలు. నెలలో పాతిక రోజులు అంటే రెండు లక్షల పాతిక వేలు. ఇంకా యూనిఫాం, మెడికల్ లెక్కలోకి తీసుకోలేదు నేను. అద్దె, పోస్టర్లు, ఆ అమ్మాయి జీతం అన్నీ పోను మిగులుతాయి. ఇక్కడ మీకు ఉద్యోగం వస్తే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. వాళ్ళు అమ్ముతున్నది ఉద్యోగం కాదు, ఆ కుర్చీలో కూర్చునే ఆశ. డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు అని ఒక్కసారి అడిగితే చాలు, ఎనభై శాతం... సరే, శాతాలు ఎందుకులే, చాలా వాటి రంగు అక్కడే బయటపడుతుంది. మా అమ్మ అడిగిన ప్రశ్న అదే.

అన్ని కన్సల్టెన్సీలూ మోసం అని నేను అనట్లేదు. కొందరు చేరాక, మొదటి జీతం పడ్డాక కొంత ఇమ్మంటారు. అది మంచి పద్ధతా కాదా అనేది వేరే చర్చ. కనీసం మీ చేతిలో జీతం ఉంటుంది. చేరకముందు అడిగితే మాత్రం, పది రూపాయలైనా సరే, లేచి వచ్చేయండి. గవర్నమెంట్ పరీక్షకి అప్లికేషన్ ఫీజు వేరు, అది అధికారిక సైట్‌లో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది.

ఇక పోస్టర్ చదవడం. మెట్రో పిల్లర్లు, ఆటోల వెనక, ఇన్‌స్టా రీల్స్, టెలిగ్రామ్ గ్రూపులు, ఎక్కడైనా భాష ఒకటే. "టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీటెక్, పాస్ లేదా ఫెయిల్" అని ఒకే ఉద్యోగానికి ఉంటే అక్కడ ఉద్యోగం లేదనే అర్థం. ఏ పనికైనా ఏదో ఒక అర్హత కావాలి కదా. "ఆఫీస్ వర్క్" అంటారు, ఏం పనో చెప్పరు. "18 వేల నుంచి 45 వేల వరకు" అంటారు, ఎవరికి పద్దెనిమిది, ఎవరికి నలభై ఐదో చెప్పరు. "ఐదు సీట్లే" అంటారు, కానీ ఆ పోస్టర్ మూడు నెలల నుంచి వానకి తడిసి అక్కడే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపుల ముందు "సేల్స్ గర్ల్స్ కావలెను" అని అట్టముక్క మీద రాసి వేలాడదీస్తారు చూడండి, నన్నడిగితే ఆ అట్టముక్క చాలా నిజాయితీగల యాడ్. షాపు కనిపిస్తోంది, ఓనరు కనిపిస్తున్నాడు, పని కనిపిస్తోంది.

ఫోన్ చేస్తే మూడు అడగండి. కంపెనీ పూర్తి పేరు ఏంటి? పని చేసే చోటు అడ్రస్ ఏంటి? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? మూడోది ఎందుకంటే, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి, నెలకి 21 వేల లోపు జీతం ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నిజంగా జీతాలిచ్చే ఆఫీసులో హెచ్ఆర్‌కి ఈ ప్రశ్న కొత్తేం కాదు. మోసగాళ్ళు మాత్రం "అవన్నీ ఆఫీసుకి వచ్చాక మాట్లాడదాం" అంటారు. ఆఫీసుకి వచ్చాక ఏమవుతుందో నేను చెప్పాను కదా.

కంపెనీ పేరు చెప్పారనుకోండి. ఇప్పుడు మన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైట్ ఉంది, ఎంసీఏ అంటారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే దానికి సీఐఎన్ అని 21 అక్షరాలు, అంకెల నంబరు ఉంటుంది. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది కానీ అందులో కథ ఉంది. మొదట ఒక అక్షరం: ఎల్ అంటే స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయింది, యు అంటే కాలేదు. తర్వాత ఐదు అంకెలు ఏ రకం వ్యాపారమో చెప్తాయి. తర్వాత రెండక్షరాలు రాష్ట్రం. తర్వాత నాలుగు అంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. "ఇరవై ఏళ్ళుగా సేవలో" అని బోర్డు పెట్టుకున్నవాడి నంబరులో 2025 అని ఉంటే ఇక మీరు ఏమీ అడగక్కర్లేదు. అలాగే జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణ అయితే 36, ఆంధ్రప్రదేశ్ అయితే 37. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే పేరు, అడ్రస్, ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నీ వస్తాయి.

ఈమెయిల్ చూసేటప్పుడు అట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి, ముందు ఏముందో కాదు. ముందు భాగంలో ఎవడైనా ఏ కంపెనీ పేరైనా పెట్టుకోవచ్చు. వేల మంది పనిచేసే కంపెనీ జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపదు. తర్వాత భాగంలో కంపెనీ పేరే ఉన్నా, పక్కన ఒక హైఫన్ పెట్టి "కెరీర్స్" అనో "జాబ్స్" అనో తగిలించి ఉంటే అది ఎవడో వెయ్యి రూపాయల్లోపు కొనుక్కున్న డొమైన్ కావచ్చు. ఆఫర్ లెటర్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి "ఇది నిజమేనా" అని అడగొద్దు. వాడే ఎత్తుతాడు, నిజమే అంటాడు. కంపెనీ అసలు వెబ్‌సైట్ విడిగా తెరిచి అక్కడి నంబరుకి చేయండి.

కానీ ఒక్క మాట. రిజిస్ట్రేషన్ ఉందంటే కంపెనీ ఉందని మాత్రమే, ఉద్యోగం ఉందని కాదు. మాదాపూర్ వైపు బయటపడ్డ ఐటీ జాబ్ మోసాలు చాలా వాటిల్లో కంపెనీ రిజిస్ట్రేషన్ ఉంది, ఆఫీసు ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి. "ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగం" అని లక్ష, రెండు లక్షలు కట్టించుకుంటారు. రెండు నెలలు జీతం కూడా వేస్తారు. ఎవరి డబ్బు? మీదే, మీకే వాయిదాల్లో. మూడో నెల తాళం. బ్యాక్‌డోర్ జాబ్ అని పేరు పెట్టి మరీ అమ్ముతుంటే, మన ఇళ్ళల్లో అమ్మ మెడలో గొలుసు కుదువ పెట్టి కడుతున్నారు. ఫ్రెండ్స్, దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడు మోసం చేస్తే పోలీస్ స్టేషన్‌లో ఏం చెప్పాలో కూడా మనకి తెలియదు. వాడి ధైర్యం అదే.

ఇంకో రకం ఉంది, దాని గురించి చెప్పాలంటే ఒక సంఘటన చెప్పాలి. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు వచ్చాయి. ఆరుగురు చనిపోయారు, పొగతో ఊపిరాడక. అందరూ చిన్న వయసు అమ్మాయిలు, అబ్బాయిలే, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి పని కోసం సిటీకి వచ్చినవాళ్ళు. తర్వాత పేపర్లలో వచ్చింది ఏంటంటే, వాళ్ళు చేరింది మల్టీలెవెల్ మార్కెటింగ్‌తో సంబంధం ఉన్న పనిలో అని, చేరడానికే లక్షల్లో కట్టారని ఇళ్ళవాళ్ళు చెప్పారని. మంటలకి, ఉద్యోగ ప్రకటనకి నేరుగా సంబంధం లేదు, నాకు తెలుసు. కానీ ఉద్యోగం అనుకుని డబ్బు కట్టిన పిల్లలు, ఆ డబ్బు తిరిగి వస్తుందని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు అనే ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇలాంటి చోట ఇంటర్వ్యూలో మీ స్కిల్ గురించి అడగరు. మీ ఫోన్‌లో ఎంతమంది ఫ్రెండ్స్ ఉన్నారు, వంద పేర్లు రాయండి అంటారు. ఆ లిస్టు అడిగారంటే వాళ్ళకి కావాల్సింది మీరు కాదు, మీ కాంటాక్ట్స్. పిరమిడ్ స్కీములు, మనీ సర్క్యులేషన్ నడపడం 1978 చట్టం ప్రకారం నేరం. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా వాటిని నిషేధించాయి.

ఇప్పుడు ఫోన్‌లో వచ్చే మోసాలు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల కేసు బయటపెట్టారు. మొదలు ఎక్కడంటే, చిక్కడపల్లి వైపు ఒకాయనకి టెలిగ్రామ్‌లో పార్ట్ టైమ్ జాబ్ అని మెసేజ్. పని ఏంటంటే ఆన్‌లైన్‌లో ఐదు స్టార్లు ఇవ్వడం. మొదట వెయ్యి పెడితే 866 రూపాయలు లాభం వచ్చింది. పాతిక వేలు పెడితే ఇరవై వేలు లాభం అని స్క్రీన్ మీద చూపించింది, కానీ తీసుకోవాలంటే ఇంకా కట్టమంది. అలా కట్టుకుంటూ పోయి 28 లక్షలు పోగొట్టుకున్నాడు. దేశమంతా 15 వేల మంది దాకా ఇలా మోసపోయారని పోలీసులు చెప్పారు. ఆ 866 రూపాయలే అసలు గాలం. నిజంగా చేతికి వచ్చిన డబ్బు కాబట్టి బుర్ర పనిచేయడం ఆగిపోతుంది. స్టార్లు ఇస్తే డబ్బులిచ్చే ఉద్యోగం ప్రపంచంలో ఎక్కడా లేదు, ఒకవేళ ఇచ్చినా ఆ రివ్యూలే దొంగ రివ్యూలు కదా.

డేటా ఎంట్రీది ఇంకో తమాషా. డబ్బు అడగరు. ఐదు వందల పేజీలు టైప్ చేయమంటారు, ఆన్‌లైన్ అగ్రిమెంట్ మీద సంతకం చేయిస్తారు. వారం రోజులు కళ్ళు పోయేలా చేశాక "మీ యాక్యురసీ తక్కువ వచ్చింది, అగ్రిమెంట్ ప్రకారం ఆరు వేలు పెనాల్టీ" అని లాయర్ నోటీసు వాట్సాప్‌లో వస్తుంది. అమ్మాయిలు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు భయపడి కట్టేస్తున్నారు. కట్టకండి. నిజంగా కోర్టులో కేసు ఉంటే దానికి సీఎన్ఆర్ అని 16 అక్షరాల నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే కేసు కనబడుతుంది. ఆ నంబరు ఇవ్వమనండి, మాట మార్చేస్తారు.

సరే, ఇప్పుడు చెల్లి దగ్గరికి వద్దాం. పేమెంట్ ప్రాసెసింగ్ ఎగ్జిక్యూటివ్. ఇందులో రూపాయి అడగలేదు, టైపింగ్ లేదు, టార్గెట్ లేదు. మన అకౌంట్‌లోకి డబ్బు వస్తుంది, వాళ్ళు చెప్పిన ఇంకో అకౌంట్‌కి పంపాలి, రెండు శాతం మనం ఉంచుకోవాలి. ఆ డబ్బు ఎవరిది? ఇప్పుడే చెప్పానే, 28 లక్షలు పోగొట్టుకున్న మనిషి, అలాంటివాళ్ళది. దొంగ తన సొంత అకౌంట్‌లోకి డబ్బు తెప్పించుకోడు కదా. నాలుగైదు అకౌంట్లు దాటించి, చివరికి విదేశాలకో క్రిప్టోలోకో పంపిస్తాడు. ఆ మధ్యలో అకౌంట్లు ఎవరివంటే ఉద్యోగం కోసం వెతుకుతున్న మన పిల్లలవి. దీన్ని మ్యూల్ అకౌంట్ అంటారు. మ్యూల్ అంటే కంచర గాడిద, బరువు మోసేది.

పోలీసులు డబ్బు వెంట వెళ్తారు. వాళ్ళకి మొదట దొరికేది అకౌంట్ పేరు, అంటే మీ పేరు, మీ ఆధార్, తుర్కయంజాల్‌లో మీ ఇంటి అడ్రస్. దుబాయ్‌లో ఉన్నవాడు ఎప్పటికి దొరుకుతాడో తెలియదు. ఆ 712 కోట్ల కేసులో కూడా అరెస్టైన తొమ్మిది మందిలో అకౌంట్లు తెరిచి ఇచ్చినవాళ్ళు ఉన్నారు. "నాకు తెలియదు సార్, జాబ్ అనుకున్నాను" అని మీరు నిరూపించుకోవాలి. ఈలోపు మీ అకౌంట్ ఫ్రీజ్. అందులో మీ స్కాలర్‌షిప్ ఉన్నా, నాన్న వేసిన ఫీజు డబ్బులు ఉన్నా అన్నీ లోపలే. అందుకే చెప్తున్నా, "పైసలు అడగలేదు" అనేది సర్టిఫికెట్ కాదు. ఏటీఎం కార్డు, సిమ్, ఓటీపీ, చెక్ బుక్ ఇవి జీతం వేయడానికి ఏ కంపెనీకీ అక్కర్లేదు. అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ చాలు, అవి కూడా చేరాక.

గవర్నమెంట్ ఉద్యోగాల గురించి క్లుప్తంగా చెప్తాను. టీజీపీఎస్సీ, రైల్వే, పోలీస్, ఏదైనా నోటిఫికేషన్ లేకుండా ఉద్యోగం లేదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సైట్లు మామూలుగా డాట్ జీవోవీ డాట్ ఇన్ అని ముగుస్తాయి. "ఆయన నాకు తెలుసు, సెక్రటేరియట్‌లో ఉంటాడు" అనే మాట విన్నప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి: 2022లో తమిళనాడు నుంచి 28 మంది యువకులు న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో నెల రోజులపాటు, రోజుకి ఎనిమిది గంటలు, వచ్చే పోయే రైళ్ళు, వాటి బోగీలు లెక్కపెట్టారు. అది ట్రైనింగ్ అని నమ్మారు. అందరూ కలిపి కట్టింది రెండు కోట్ల 67 లక్షలు. నవ్వొస్తుంది కదా? నాకు మాత్రం శంషాబాద్ గేటు గుర్తొచ్చింది, నవ్వు రాలేదు.

విదేశాలదైతే డబ్బుతో పోదు, ప్రాణం మీదికి వస్తుంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, కుర్రాళ్ళని కంబోడియా చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్ళకే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 549 మంది భారతీయులని వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అంతకుముందు 2024లో రష్యాలో హెల్పర్ పని అని యూట్యూబ్ వీడియో చూసి వెళ్ళినవాళ్ళని యుద్ధంలోకి దించారు. హైదరాబాద్ కుర్రవాడు ఒకతను అక్కడే చనిపోయాడు. యూట్యూబ్ వీడియో అని మళ్ళీ చెప్తున్నాను. నా వీడియో అయినా సరే, వీడియో చూసి విమానం ఎక్కకండి.

చూసుకోవాల్సింది ఏంటంటే, విదేశాలకి మనుషులని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొడితే తెలుస్తుంది. అతను తీసుకోగలిగే సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అన్నాడంటే అక్కడే తేలిపోయింది. "విజిట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ వర్క్ వీసా మార్పిస్తాం" అంటే ఇంకేం వినక్కర్లేదు. మన రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాల కోసమే. ఇక్కడి ఉద్యోగాలకైతే తెలంగాణ ప్రభుత్వం డీట్ పోర్టల్, కేంద్రానిది నేషనల్ కెరీర్ సర్వీస్ ఉన్నాయి, రెండూ ఉచితం.

ఇప్పటికే డబ్బు పోయిందా? 1930కి ఫోన్ చేయండి. రేపు కాదు, ఇంట్లో చెప్పాక కాదు, ఇప్పుడే. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి నిమిషాల్లో దాటిపోతుంది, మధ్యలో ఎక్కడైనా ఆగి ఉంటే హోల్డ్‌లో పెట్టే అవకాశం ఉంటుంది. ట్రాన్సాక్షన్ నంబరు, ఎంత, ఎన్ని గంటలకి, ఇవి దగ్గర పెట్టుకోండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. చాలామంది చేసే తప్పు ఏంటంటే, కోపంలోనో సిగ్గుతోనో చాట్ డిలీట్ చేసేస్తారు. అదే మీ సాక్ష్యం, ఉంచండి. ఆఫీసు పెట్టి మోసం చేసినవాడైతే మామూలు పోలీస్ స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు, మోసం అనేది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. నేను అప్పుడు ఇవ్వలేదు. నాలుగు వేల ఐదు వందలకి స్టేషన్ ఏంటి అనుకున్నాను. నా వెనక కూర్చున్న ఇరవై మందీ అలాగే అనుకుని ఉంటారు.

ఆధార్, పాన్ ఇచ్చేసినవాళ్ళు సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. ఏడాదికి ఒకసారి క్రెడిట్ రిపోర్ట్ ఉచితంగా వస్తుంది, తెలియని లోన్ ఏమైనా ఉందేమో చూసుకోండి. చెల్లి సోమవారం పొద్దున్నే చూసింది. తన పేరు మీద మూడు సిమ్‌లు కనిపించాయి. ఒక్క క్షణం ఇద్దరికీ చెమటలు పట్టాయి. మూడోది బాబాయిదే, ఎప్పుడో తన ఆధార్ మీద తీసుకున్నాడట.

తను కార్డు ఇవ్వలేదు. ఆ యాడ్ తనకి ఫార్వర్డ్ చేసిన ఫ్రెండ్ మాత్రం అప్పటికే ఇచ్చేసింది. నాలుగు రోజులు మెసేజ్‌లు బాగానే వచ్చాయి, రెండు వేల దాకా కమీషన్ కూడా పడింది. ఐదో రోజు ఫోన్‌పే పనిచేయలేదు. బ్యాంకుకి వెళ్తే వేరే రాష్ట్రం పోలీసుల నుంచి లెటర్ వచ్చింది, ఫ్రీజ్ చేశాం అన్నారు. అందులో ట్యూషన్లు చెప్పి దాచుకున్న తన పదకొండు వేలు కూడా ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళ నాన్నని తీసుకుని, చాట్ మొత్తం ప్రింట్ తీసుకుని స్టేషన్ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరుగుతోంది. ఇంకా తెరుచుకోలేదు. నేను ఈ ఎపిసోడ్ మార్చింది ఆ అమ్మాయి కోసమే.

చెల్లి గురువారం వనస్థలిపురంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళింది. బిల్లింగ్ కౌంటర్‌లో పని, పద్నాలుగు వేలు. లోపలికి వెళ్ళగానే "రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత సార్?" అని అడిగిందట. ఆయన తలెత్తి చూసి, "ఫీజేందమ్మా, రేపు సర్టిఫికెట్ల జిరాక్స్ తీసుకురా. ఒరిజినల్స్ వద్దు, చూపించి తీస్కపో" అన్నాడట. సోమవారం జాయినింగ్.

రెజ్యూమె ఎపిసోడ్ వచ్చే వారం పక్కాగా చేస్తాను. ఉంటాను ఫ్రెండ్స్.